సంచిలో చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, మక్కలు పాడైనట్టేనా?

ప్రశ్న: నమస్కారం సార్. మాది జగిత్యాల దగ్గర పల్లె. వానాకాలం మక్క అక్టోబరులో కోశాం. కళ్ళంలో ఉండగా రెండుసార్లు వాన పడింది. మళ్ళీ ఎండబెట్టి, అరవై సంచులు ఇంటికి ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో పెట్టాం. ధర పెరుగుతుందేమోనని ఆగాం. మొన్న దాణా కోసం ఒక సంచి విప్పితే అదో రకం వాసన వచ్చింది. చెయ్యి లోపలికి పెడితే వెచ్చగా తగిలింది. బూజు మాత్రం ఎక్కడా కనబడలేదు. కొత్త గింజ అలాగే ఉంటుంది, ఊరికే భయపడకు అంటున్నారు మా మామయ్య. పక్కింటాయన గ్యాస్ బిళ్ళలు వెయ్యమన్నాడు. మాకు రెండు పాడి గేదెలు, కొన్ని కోళ్ళు ఉన్నాయి. ఇంట్లో కూడా గట్క వండుకుంటాం. బూజు రాకముందే కనిపెట్టే దారి ఉందా? ఈ మక్కలు గేదెలకు పెట్టొచ్చా? అమ్మితే ఇబ్బందా? చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, సంచిలోకి చెయ్యి పెట్టి చూశారు, అది మంచి పని. చాలామంది మూతి విప్పి, పైన గింజ పచ్చగా మెరుస్తుంటే బాగానే ఉందనుకుని మళ్ళీ కట్టేస్తారు. సంచిలో చెడు లోపల మొదలవుతుంది. అది పైకి కనబడే నాటికి పని సగం చెయ్యి దాటిపోయి ఉంటుంది. మీరింకా ఆ దశకు రాలేదని మీ ఉత్తరం చూస్తే అనిపిస్తోంది. కాబట్టి టెన్షన్ కొంచెం పక్కన పెట్టి, ఈ రెండు మూడు రోజుల్లో చేయాల్సిన పని చూద్దాం.

ముందు మామయ్య గారి మాట. అందులో నిజం లేకపోలేదు. కోసిన గింజ ప్రాణంతోనే ఉంటుంది, ఊపిరి తీస్తుంది, కొత్తలో కాస్త వేడి పుట్టిస్తుంది. అయితే ఆ వేడి అన్ని సంచుల్లో దాదాపు ఒకేలా ఉండాలి, రోజులు గడిచేకొద్దీ తగ్గాలి. ఒక సంచి వెచ్చగా ఉండి పక్క సంచి చల్లగా ఉందంటే, లేదా మొన్నటికన్నా ఇవాళ వేడి పెరిగిందంటే, అది కొత్త గింజ గుణం అనుకోవడానికి లేదు. పైగా వాసన కూడా తోడైంది. లోపల ఏదో పెరుగుతోంది.

ఏం పెరుగుతోందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. మక్కలో తేమ 14 శాతం దాటితే గింజల సందుల్లో ఉన్న గాలి చెమ్మగా మారుతుంది. ఆ కొద్దిపాటి చెమ్మ చాలు, కొన్ని రకాల బూజులు లేవడానికి. ఇవి ముందుగా గింజలో మెత్తగా, నూనెగా ఉండే మొలక భాగాన్ని పడతాయి. అవి తింటూ ఊపిరి తీస్తుంటే వేడి, నీరు రెండూ బయటికి వస్తాయి. ఆ నీటితో ఆ చుట్టుపక్కల గింజ ఇంకాస్త తడుస్తుంది. అలా తేమ 17, 18 శాతం దగ్గరికి చేరితే అసలు ప్రమాదకరమైన రకానికి చోటు దొరుకుతుంది. దాని పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, పసుపు కలిసిన ఆకుపచ్చ పొడిలా ఉంటుంది. అఫ్లాటాక్సిన్ అనే విషం తయారుచేసేది అదే. మొదట వచ్చే బూజులు అంత చెడ్డవి కావు, కానీ చెడ్డదానికి దారి వేసేవి అవే. మీ సంచి ఆ మొదటి దశలో ఉంటే దాన్ని ఆపవచ్చు.

ఇప్పుడు కనిపెట్టడం ఎలాగో చెబుతాను. అరవై సంచులకూ మార్కర్‌తో నంబర్లు వేయండి. తెల్లవారుజామున, షెడ్డు చల్లగా ఉన్నప్పుడు, శుభ్రమైన సన్నని ఇనుప చువ్వ ఒకటి సంచి నడిమధ్యకు దించి పావుగంట ఉంచండి. తీసిన వెంటనే అరచేతితో, మణికట్టుతో తాకి చూడండి. నాలుగైదు చువ్వలుంటే పని త్వరగా అవుతుంది. పొడుగు కాడ ఉన్న థర్మామీటర్ దొరికితే ఇంకా మంచిది, అంకె రాసుకోవచ్చు. ఎంత డిగ్రీలు అన్నదానికన్నా పక్క సంచితో తేడా ఎంత, నాలుగు రోజుల్లో ఎటు నడిచింది అన్నది చూడాలి. రెండు మూడు డిగ్రీలు ఎక్కువున్నా ఆ సంచిని పక్కకు లాగండి. ధాన్యం వేడిని సరిగ్గా ప్రసరించనివ్వదు. సంచి నడుమ కాగుతున్నా పైపొర చల్లగా ఉండొచ్చు, అందుకే చువ్వ మధ్యకు దిగాలి.

వేడి కనబడితే ముందు జల్లెడ పట్టి పురుగు ఉందేమో చూడండి. ముక్కు పురుగు బాగా పడితే ఆరిన గింజ కూడా వేడెక్కుతుంది. పురుగు ఉన్నంత మాత్రాన బూజు లేదనుకోవద్దు. పురుగు తొలిచిన రంధ్రాల్లోంచి బూజు లోపలికి పోతుంది, దాని ఊపిరితో తేమ కూడా పెరుగుతుంది.

వాసన విషయంలో ఒక జాగ్రత్త. సంచిలో ముఖం పెట్టి గట్టిగా పీల్చకండి. బూజు పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే దగ్గు, ఆయాసం పట్టుకుంటాయి, ఆస్తమా ఉన్నవాళ్ళకు మరీ కష్టం. దానికి బదులు సంచి మధ్యలోంచి గింజలు తీసి, వాసన లేని గాజు సీసాలో సగం వరకు నింపి, మూత పెట్టి, సాయంత్రం దాకా ఇంట్లో ఉంచండి. తర్వాత మూత తీసి సీసాను కొంచెం దూరంగా పట్టుకుని చూడండి. మంచి గింజకు పిండి మిల్లు దగ్గర వచ్చే తియ్యటి వాసన ఉంటుంది. ముక్కిన వాసన వస్తే బూజు. కల్లు పులిసినట్టు పుల్లగా వస్తే తేమ మరీ ఎక్కువై లోపల పులుస్తోందని. పక్కన మంచి సంచి గింజలతో ఇంకో సీసా పెట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. జలుబు ఉన్న రోజు ఈ పరీక్ష ఇంకొకరికి అప్పజెప్పండి.

తేమ చూడటానికి సరైన సాధనం తేమ మిషనే. మార్కెట్ యార్డులో, కొనుగోలు కేంద్రంలో ఉంటుంది. తీసుకెళ్ళే గింజలను అక్కడికక్కడే ప్లాస్టిక్ కవర్లో గాలి పోకుండా కట్టండి, లేకపోతే దారిలో ఆరిపోయి అంకె తక్కువ చూపిస్తుంది. మిషన్‌లో మక్క అని ఎంచుకున్నారో లేదో పక్కనుండి గమనించండి. వడ్ల సెట్టింగ్‌లో మక్కలు పోస్తే వచ్చే అంకెకు అర్థం లేదు. ఇంకోటి, పది సంచుల గింజలు కలిపి ఒకేసారి కొలిపించకండి. సగటు 13 అని వస్తుంది, అందులో 17 ఉన్న సంచి దాక్కుని ఉంటుంది. మీ కళ్ళంలో వాన పడిందంటే కుప్ప అంచున ఉన్న గింజ, అడుగున ఉన్న గింజ ఒకేలా ఆరి ఉండవు. అనుమానం ఉన్న సంచులను విడివిడిగా చూపించండి. ప్రభుత్వ కొనుగోలుకు 14 శాతం దాకా ఒప్పుకుంటారు కాబట్టి 14 ఉంటే చాలని రైతులు అనుకుంటారు. అది అమ్మడానికి సరిపోయే అంకె. మూడు నాలుగు నెలలు ఇంట్లో పెట్టుకోవాలంటే 12, 13కు దించాలి.

మిషన్ అందుబాటులో లేని రోజు ఉప్పు సీసా పరీక్ష చేసుకోవచ్చు. ఉప్పును పెనం మీద వేయించి పూర్తిగా ఆరబెట్టి చల్లార్చాలి. పొడిగా ఉన్న గాజు సీసాలో మూడో వంతు మక్కలు పోసి, రెండు మూడు చెంచాల ఆ ఉప్పు వేసి, మూత బిగించి నిమిషం పాటు బాగా ఊపండి. పావుగంట కదపకుండా ఉంచండి. ఉప్పు గాజుకు అంటుకుని ఉంటే తేమ 15 దాటినట్టే. అంటుకోకపోతే 15కు లోపు ఉందని మాత్రమే అర్థం. పూర్తిగా ఆరిందని కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. గింజను కొరికి చూసే పాత పద్ధతి కూడా ఉంది, టక్కున విరగాలి, పంటికి సాగకూడదు. కానీ ముక్కిన వాసన వచ్చే గింజను మాత్రం నోట్లో పెట్టకండి.

ఇక కంటి పరీక్ష. పగటి వెలుతురులో, తెల్ల కాగితం మీద గుప్పెడు గింజలు పోసి, మొలక ఉండే వైపు పైకి తిప్పి చూడండి. మంచి గింజలో ఆ భాగం పాలిపోయిన తెలుపుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. చెడిపోవడం మొదలైతే ముందు ఆ మెరుపు పోతుంది, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది, కొన్నిట్లో పైపొర కింద నీలి ఆకుపచ్చ గీత కనబడుతుంది. గింజను గోటితో గీరి, భూతద్దంతో చూస్తే బాగా తెలుస్తుంది. కానీ గింజ మొన దగ్గర, కంకికి అతుక్కునే చోట, తొడిమ ముక్క ఊడితే నల్లటి పొర కనబడుతుంది. అది బూజు కాదు. గింజ పక్వానికి వచ్చిందనడానికి గుర్తు అది. దాన్ని చూసి మంచి సంచులు పారబోసుకోవద్దు.

గింజలు రెండు మూడు కలిసి చిన్న ఉండల్లా అంటుకుని ఉన్నాయా, సంచి కుట్ల దగ్గర, నేలకు ఆనిన అడుగున గట్టిపడిందా అన్నది కూడా చూసుకోండి. గుప్పెడు తీసి జారవిడిస్తే గలగలా పడాలి.

ఓపిక ఉంటే ఇంకో పరీక్ష ఉంది, నాకు దాని మీద నమ్మకం ఎక్కువ. అనుమానం ఉన్న సంచిలోంచి నూరు గింజలు, బాగున్న సంచిలోంచి నూరు గింజలు తీసి, విడివిడిగా తడి గుడ్డల్లో చుట్టి ఐదారు రోజులు తడి ఆరకుండా ఉంచండి. బూజు ముందు మొలకనే చంపుతుందని చెప్పాను కదా. బాగున్న దాంట్లో తొంభై మొలిచి, ఇంకో దాంట్లో అరవై మొలిస్తే, కంటికి ఏమీ కనబడకపోయినా లోపల పని మొదలైందని లెక్క. ఫలితం ఆలస్యంగా వస్తుంది. అందుకని సంచులు పక్కకు తీయడం దీని కోసం ఆపకూడదు.

ఇంతవరకు చెప్పినవన్నీ బూజు పెరుగుతోందా లేదా అన్నది చెబుతాయి. విషం ఉందా అన్నది ఇవేవీ చెప్పలేవు. అఫ్లాటాక్సిన్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. పైగా పంట గింజ కట్టేటప్పుడు బెట్ట పడి ఎండ కాసిందంటే చేలోనే ఆ బూజు కంకిని పట్టొచ్చు, తర్వాత గింజ ఆరిపోయి శుభ్రంగా కనిపించినా విషం అలాగే ఉంటుంది. ఆన్‌లైన్‌లో అమ్మే నీలి లైటు టార్చీ వేసి చూడమని కొందరు చెబుతున్నారు. ఆ బూజు ఉన్న గింజలను నలిపి చీకట్లో అలాంటి లైటు వేస్తే పసుపు ఆకుపచ్చగా మెరిసే మాట నిజమే. కానీ మెరిసేది విషం కాదు, ఆ బూజు వదిలే ఇంకో పదార్థం. నిల్వలో కొన్ని వారాలకు ఆ మెరుపు తగ్గిపోతుంది కూడా. మెరిస్తే అనుమానించండి, మెరవలేదని నమ్మకండి.

విషం లెక్క ల్యాబ్‌లోనే తేలాలి. మన దేశంలో ఆహార ధాన్యాలకు కిలోకు 15 మైక్రోగ్రాములు హద్దు. అంటే పది క్వింటాళ్ళ మక్కలో 15 మిల్లీగ్రాములు, చిటికెడు ఉప్పులో ఇరవయ్యో వంతు కూడా ఉండదేమో. అది కూడా అన్ని గింజల్లో సమంగా ఉండదు. వేల గింజల్లో ఏ ఒక్కటో రెండో విషమంతా మోస్తుంటాయి. కాబట్టి గుప్పెడు గింజలు ల్యాబ్‌కు పంపి రిపోర్టు తెచ్చుకుంటే అది ఆ గుప్పెడు గురించే చెబుతుంది. ప్రతి సంచిలో పైన, నడుమ, అడుగున కొంచెం కొంచెం తీసి, అన్నీ బాగా కలిపి, కనీసం నాలుగైదు కిలోలు చేసి, ల్యాబ్ వాళ్ళకు మొత్తం మరపట్టి అందులోంచి తీయమని చెప్పండి. కాగితం సంచిలో గానీ గుడ్డ సంచిలో గానీ పంపండి, ప్లాస్టిక్‌లో దారిలోనే బూజు పెరుగుతుంది. తేమ కోసం ప్లాస్టిక్, విషం కోసం గుడ్డ, రెండూ కలపకండి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల పనితీరు చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ఆహార పరీక్షల ల్యాబ్‌లు హైదరాబాద్‌లో ఉన్నాయి. కోళ్ళ దాణా మిల్లులు కూడా మక్క కొనేముందు చూసుకుంటాయి, మీకు తెలిసిన మిల్లు ఉంటే అడగండి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మక్కతో ఇలాంటిది మన దేశంలో జరిగింది. 1974 చివర్లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచ్‌మహల్ జిల్లాల్లో గిరిజన పల్లెల్లో కామెర్లు, పొట్టలో నీరు చేరడం మొదలయ్యాయి. నూరు మందికి పైగా పోయారు. ఆ ఇళ్ళలో అదే తిండి తిన్న కుక్కలు కూడా చచ్చిపోయాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు పరిశోధిస్తే, అకాల వర్షాలకు తడిసి సరిగ్గా ఆరకుండా నిల్వ చేసిన మక్కల్లో అఫ్లాటాక్సిన్ బయటపడింది. 1995లో మన దక్కన్ పల్లెల్లోనే వానకు తడిసిన జొన్నలు, మక్కలు తిని జనం కడుపునొప్పి, విరేచనాలతో బాధపడ్డారు. దానికి కారణం వేరే బూజు, ఫ్యుజేరియం అని, తెల్లగా గులాబీ రంగులో ఉంటుంది. అక్కడ అఫ్లాటాక్సిన్ కాదు, ఫ్యుమోనిసిన్ అనే విషం. రెండు చోట్లా కథ వానతోనే మొదలైంది. మీ కళ్ళంలో కూడా రెండుసార్లు పడింది కదా.

ఇక గేదెల సంగతి. మనిషికి పనికిరానిది పశువుకు పెడదాం అనే అలవాటు మన ఇళ్ళలో ఉంది, కానీ ఇక్కడ అది కుదరదు. పాడి గేదె అఫ్లాటాక్సిన్ తింటే అందులో కొంత భాగం రూపం మార్చుకుని ఒక రోజులోనే పాలల్లోకి వస్తుంది. దాన్ని ఎం1 అంటారు. పాలు కాచినా పోదు, తోడేసి పెరుగు చేసినా పోదు. ఆ పాలు తాగేది ఇంట్లో పిల్లలే. కోళ్ళయితే ఇంకా నాజూకు, అందులోనూ కోడిపిల్లలు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే ఆరా తీసి, వేరుశనగ చెక్కలోంచి ఈ విషాన్ని మొదట పట్టుకున్నారు. కాబట్టి వాసన వచ్చిన సంచి మనుషులకు వద్దు, గేదెలకు వద్దు, కోళ్ళకు అసలే వద్దు. కడిగి, ఎండబెట్టి, గట్కగా ఉడికిస్తే పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఈ విషం వంట వేడికి విరగదు. దాణాలో టాక్సిన్ బైండర్ (విషాన్ని పట్టి ఉంచే మందు) కలుపుతారు, అది కొంత మేలు చేస్తుంది గానీ చెడిన గింజను మంచి గింజ చేయదు.

గ్యాస్ బిళ్ళల గురించి గట్టిగా చెబుతున్నాను, వద్దు. అవి పురుగును చంపుతాయి, బూజును ఏమీ చేయవు. చెమ్మ తగిలితే విషవాయువు వదులుతాయి. మీ షెడ్డు ఇంటికి ఆనుకుని ఉంది, రాత్రి ఆ గాలి పడకగదిలోకి వస్తే ప్రాణాలు పోతాయి. వేపాకు పురుగుకు కొంత పనికొస్తుంది, బూజుకు కాదు.

ఇవాళ చేయాల్సింది ఇది. వెచ్చగా ఉన్నవి, వాసన వచ్చినవి బయటికి తీసి, మంచివాటికి దూరంగా పెట్టండి. ముక్కుకు మాస్కు, చేతికి తొడుగు పెట్టుకోండి, అయ్యాక స్నానం చేయండి. ఆ సంచుల్లో ముక్కిన వాసన బాగా ఉన్నవి, రంగు మారినవి, ఉండలు కట్టినవి ఎండబెట్టి బాగుచేయాలని చూడొద్దు. పశువులు, కోళ్ళు తవ్వుకోలేని చోట లోతుగా పూడ్చేయండి. తేమ మాత్రమే ఎక్కువ ఉండి వాసన లేనివాటిని, పొద్దున మంచు ఆరాక పట్టాల మీద పలుచగా, రెండు అంగుళాల మందం దాటకుండా పోసి, గంటకోసారి కలియదిప్పండి. పొద్దు వాలకముందే ఎత్తేయండి. వేడిగా ఉన్నప్పుడే సంచుల్లోకి ఎత్తకుండా కాసేపు నీడలో చల్లార్చండి. అప్పుడే జల్లెడ పట్టి నూక, పొట్టు, విరిగిన గింజ తీసేయండి. విషం ఎక్కువగా ఉండేది వాటిలోనే. ఆ నూక, పొట్టు కోళ్ళకు చల్లే అలవాటు ఉంటే ఈ ఏడాదికి మానుకోండి.

షెడ్డులో సంచులు నేల మీద పెట్టారా? చెక్కల మీదికి ఎక్కించండి, గోడకు రెండడుగులు ఎడం ఉంచండి. ఈ చలికాలం రేకు రాత్రి చల్లబడి లోపలి వైపు నీరు పడుతుంది, తెల్లారి అది చుక్కలు చుక్కలుగా పై వరుస సంచుల మీద రాలుతుంది. పొద్దున్నే వెళ్ళి రేకు కింద చెయ్యి పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. పగలు తలుపులు తీసి గాలి ఆడనివ్వండి, వాన వచ్చే రోజు మూసేయండి. యూరియా సంచుల్లో పోసి ఉంటే గోనెలకు మార్చండి. గాలి పోని సంచులు బాగా ఆరిన గింజకు మంచివే, తడి గింజకు మాత్రం కాదు.

అమ్మకం సంగతి. 13 లోపు ఆరి, వాసన లేని సంచులు అమ్ముకోవచ్చు, కానీ విషం కంటికి తెలియదు కాబట్టి ఇంట్లో వాడేముందు ల్యాబ్ రిపోర్టు చూసుకోండి. మధ్యరకం ఉంటే ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆపండి. చెడిన నాలుగు సంచులు మంచి యాభై ఆరిట్లో కలిపితే ఎవరికీ తెలియదని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. కలిపితే మీ సరుకంతా కోళ్ళ మిల్లు గేటు దగ్గర తిరిగి రావచ్చు. ఇథనాల్ కంపెనీలు తీసుకుంటాయంటారు, తీసుకోవచ్చు కూడా. కానీ అక్కడ కూడా విషం పోదు. పిండి పదార్థం ఇథనాల్‌గా మారి, మిగిలిన పిప్పిలో విషం మూడింతలు చిక్కబడి మళ్ళీ పశువుల దాణాలోకే వస్తుంది. కాబట్టి కొనేవాళ్ళకు సంగతి చెప్పి అమ్మండి, ధర తగ్గినా సరే.

ధర కోసం ఆగుతున్నామన్నారు. షెడ్డు రేకులది, గింజ వానకు తడిసింది. ఈ రెండూ కలిసిన చోట నేనైతే ఎక్కువ రోజులు ఆగమనను. ఆగేటట్టయితే నెల రోజుల పాటు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికోసారి చువ్వ దించి చూడండి, నంబరు పక్కన రాసుకోండి. అనుమానం సంచి గింజలు ఇప్పటికే గేదెలకు పెట్టి ఉంటే వెంటనే ఆపండి. ఆపిన కొద్ది రోజుల్లో పాలు శుభ్రపడతాయి, అంతవరకు పిల్లలకు వేరే పాలు చూడండి. గేదె మేత తగ్గించినా, పాలు పడిపోయినా పశువుల డాక్టరుకు మక్కల సంగతి కూడా చెప్పండి, లేకపోతే ఆయన వేరే జబ్బు వెతుక్కుంటూ ఉంటారు.